మునసబుగారి పథ్యం

ఆ రోజుల్లో మా వైపు మనిషి క్షేమంగా ఉన్నాడా లేదా అన్నది అతను ఎంత తిన్నాడన్నదాన్నిబట్టి తేల్చేవారు. జ్వరం వచ్చినవాడు రెండు ఇడ్లీలు తిన్నాడంటే గండం గడిచినట్టే. నిక్షేపంలా ఉన్నవాడు రెండోసారి పప్పు వద్దన్నాడంటే ఇల్లంతా అతని మొహంకేసి అనుమానంగా చూసేది. "ఏంటండీ, వంట కుదరలేదాండీ?" అని అమ్మ గుమ్మం పక్కనుంచి అడిగేది. "ఎక్కడో మనసు కష్టపెట్టుకున్నాడే" అని నాన్నమ్మ తీర్మానించేది. ఇంటికొచ్చినవాళ్ళు విస్తరిమీద చెయ్యి అడ్డం పెట్టేవారు, మావాళ్ళు ఆ చేతివేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసేవారు. అలాంటి ఇంట్లో పుట్టి, నోరు తెరిచి కావాలనిగానీ వద్దనిగానీ అనలేని పిల్లని నేనొకదాన్ని.

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నాను అనడంకన్నా దాక్కున్నాను అంటే సరిపోతుంది. వీధిగుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు, చేతిలో ఉన్న పుస్తకంతో సహా పెరటి వసారాలోకి మాయమయ్యేదాన్ని. వచ్చినవాళ్ళతో అనాల్సిన మాటలన్నీ తరవాత డైరీలో రాసుకునేదాన్ని (అందులో మటుకు నేను గొప్ప వక్తని, ఎంతటివాళ్ళకైనా చెప్పాల్సింది చెప్పేసేదాన్ని). సామర్లకోటలో ఉండే మా పెద్దత్తయ్య, అంటే నాన్నగారి అక్క, నాకు 'మూగనోము' అని పేరు పెట్టింది. "ఏమే మూగనోమూ, ఈ ఏడాదైనా ఉద్యాపన చేస్తావా?" అని వచ్చినప్పుడల్లా అడిగేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఏం చెప్పాలో కూడా డైరీలోనే ఉండేది మరి.

పెరటి వసారాలో నాకు తోడు మా మునసబుగారు. ఆయన కుందేలు. ఒకసారి నాన్న మందారం అంట్లు తెస్తానని కడియం నర్సరీలకి వెళ్ళి, మందారాలతోపాటు బుట్టలో ఒక తెల్ల కుందేలుపిల్లని కూడా తెచ్చారు. ఎందుకు తెచ్చారంటే ఆయనకీ తెలీదు. "నా వంక అలా చూసిందే" అని మాత్రం అమ్మకి సంజాయిషీ చెప్పుకున్నారు. అది అరుగుమీద కూర్చుని, సగం కళ్ళు మూసి, మీసాలు కదుపుతూ, ఎవరి ఫిర్యాదో వింటున్నట్టు మొహం పెట్టేది. నాన్నమ్మ చూసి, "అచ్చం మా చిన్నప్పటి మునసబుగారేనే, ఆయనా అంతే, అన్నీ వినేవాడు, ఏమీ తేల్చేవాడు కాదు" అంది. ఇక ఆ హోదాలో ఉన్నవారిని 'అది', 'ఇది' అనడం మర్యాద కాదు కాబట్టి ఇంట్లో అందరూ గారు చేర్చే పిలిచేవారు.

నేను చెప్పబోయే నాటికి మునసబుగారు బాగా పెద్దవారైపోయారు. ఒక కంటిలో పొర వచ్చింది. గెంతడం మానేసి నడవడం మొదలుపెట్టారు. గడప దాటాలంటే ముందు దానివంక కాసేపు చూసి, అవసరమా అని ఆలోచించుకుని, అప్పుడు దాటేవారు. భోజనం మాత్రం తగ్గలేదు, తగ్గనివ్వలేదు. పొద్దున్న నాన్నమ్మ ఇడ్లీలో ముక్క. మధ్యాహ్నం పెరుగన్నం ముద్ద. సాయంత్రం టీలో ముంచిన బిస్కెట్టు. నాన్న పనిచేసే రైసుమిల్లు నుంచి వచ్చే తవుడు. మా ఇంటి వెనకే కాలవగట్టు, దానినిండా మోకాలెత్తు పచ్చగడ్డి. కానీ మా ఇంట్లో ఎవరికీ ఆయనకి గడ్డి పెట్టాలని తోచలేదు. తోచినా పెట్టరు. "మనం అన్నం తింటూ ఇంట్లో ప్రాణికి గడ్డి పడేస్తామా? ఏం పాపం చేసుకున్నాడనీ?" అనేది నాన్నమ్మ. గడ్డి తినడమంటే మావాళ్ళ దృష్టిలో అవమానం. కోపమొస్తే తప్ప ఆ మాట ఎవరూ ఎవరినీ అనరు.

ఆ ఏడు అక్కకి ఐదో నెల వచ్చింది, పుట్టింట్లో చలిమిడి పెట్టాలన్నారు. తడిబియ్యం దంపిన పిండిని బెల్లంపాకంలో కలిపి, నెయ్యి, కొబ్బరిముక్కలు, గసగసాలు వేసి చేసే ముద్ద అది. కడుపుతో ఉన్న ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు అది పెడితే కడుపు చల్లగా ఉంటుందని నమ్మకం. ముందు ఆవిడకి పెట్టి, తరవాత వీధి వీధంతా పంచుతారు. పెద్దత్తయ్య సామర్లకోట నుంచి ముందే దిగిపోయి, పాకం పట్టే పని ఇంకెవరికీ ఇవ్వకుండా, మా ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పెద్ద బేసిన్లో చలిమిడి చేసింది. పేరంటానికి వచ్చినవాళ్ళు అక్కకి బొట్టు పెట్టి, చీర బాగుందని చెప్పి, ఆ తరవాత వరసగా పెరట్లోకి వచ్చారు. "మునసబుగారేరండీ?" "పెద్దాయనకి పెట్టారాండీ?" "అక్కాచెల్లెళ్ళతో పాటు పెరిగాడు, ఆయనకి వాటా ఉండొద్దూ?" అంటూ తలా ఒక చిటికెడు పెట్టారు. నేను తలుపు చాటున పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. మునసబుగారు ఎవరినీ నొప్పించలేదు. అందరి దగ్గరా తిన్నారు.

మర్నాడు పొద్దున్న ఇడ్లీ ముట్టుకోలేదు.

ఆ వార్త ఇంట్లో ఎలా పాకిందంటే, స్నానానికి వెళ్ళిన నాన్న సబ్బు మొహంతోనే బయటికొచ్చేశారు. మునసబుగారు మూలలో ముడుచుకుని, వీపు గూనిలా వంచి, పళ్ళు సన్నగా నూరుతూ కూర్చున్నారు. చెవులు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. "దిష్టి! నిన్న ఎన్ని కళ్ళు పడ్డాయో చూశావుగా" అని నాన్నమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గింది, మునసబుగారు తప్ప. అమ్మ వాముకషాయం కాచింది. "వయసైపోయిందే, మనమేం చేస్తాం" అని నాన్న కళ్ళజోడు తుడుచుకున్నారు, అదే అయిదు నిమిషాలపాటు. పెద్దత్తయ్య మాత్రం ధైర్యం వదల్లేదు. "కడుపులో వేడి చేసిందిరా తమ్ముడూ, ఇంకేం కాదు. కాస్త చలిమిడి పెడితే సర్దుకుంటుంది" అని మరో ఉండ చేసింది.

వీళ్ళెవరికీ తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. మునసబుగారి గది, అంటే వసారా మూల పరిచిన గోనెసంచి, రోజూ ఊడ్చేది నేనే. ప్రతిరోజూ దానిమీద మిరియాలు ఒలకబోసినట్టు ఉండేది. ఆ పొద్దున్న గోనెసంచి శుభ్రంగా ఉంది. లోపలికి వెళ్ళింది ఏదీ బయటికి రావడంలేదు. ఇది చెప్పాలి. కానీ ఇలాంటి సంగతి, ఇంతమంది ముందు, పెళ్ళికాని పిల్ల, ఏ మాటతో చెప్తుంది? చివరికి అక్క చెవిలో చెప్పాను. అక్కకి ఆ మధ్య ఏ సంగతైనా రెండింతల గట్టిగా వచ్చేది. "నాన్నా! మునసబుగారు నిన్నట్నుంచీ దొడ్డికెళ్ళలేదంట! ఇది చూసిందంట!" అని వంటింట్లోంచి వీధిగుమ్మందాకా వినపడేలా అరిచింది. ఎదురింటి పిన్నిగారు ముగ్గు మధ్యలో ఆపి తల ఎత్తారు.

నాన్న స్కూటరు తీశారు. వెనకాల నేను, నా ఒళ్ళో బుట్టలో మునసబుగారు. తొందరలో చేతికందిన బుట్ట నిన్న చలిమిడితో అక్కకి సారె పెట్టిన బుట్టే. పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి ఉంది. పాలకొల్లులో పశువుల ఆసుపత్రికి వెళ్ళేసరికి అక్కడంతా గేదెలు, గేదెలకన్నా ఎక్కువ కంగారుపడుతున్న వాటి యజమానులు. మా బుట్ట చూసి ఒకాయన, "సారె ఇక్కడికి తెచ్చారేంటండీ? డాక్టరుగారింట్లో శుభకార్యమా?" అన్నాడు. నాన్న ఏదో అనబోతే మునసబుగారు చెవులు పైకి పెట్టి సమాధానం చెప్పారు.

డాక్టరుగారు భారీ మనిషి. మోచేతిదాకా రబ్బరు తొడుగు వేసుకుని అప్పుడే ఒక గేదెని పంపించి వచ్చారు. బుట్టలోకి చూసి తొడుగు విప్పేశారు. "ఏంటమ్మా కంప్లైంటు?" అని నన్నే అడిగారు. నాన్న నావంక చూశారు. నేను నాన్నవంక చూశాను. గేదెలు కూడా నావంకే చూస్తున్నాయనిపించింది. చదివిన పుస్తకాలన్నీ తలుచుకుని, "నిన్నటి నుండి మలవిసర్జన జరగడంలేదండి" అన్నాను.

"పరీక్ష రాస్తున్నావేంటమ్మా ఇక్కడ?" అన్నారాయన. "పెంటికలు వేస్తోందా లేదా? అది చెప్పు."

"లేదండి."

"గట్టిగా."

"వెయ్యట్లేదండి!"

గేదెల ఆయన "అయ్యో పాపం" అన్నాడు. నా చెవులు కాలిపోయాయి. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చాక మిగతావి సులువుగానే వచ్చాయి. ఇడ్లీ, పెరుగన్నం, బిస్కెట్టు, తవుడు, చలిమిడి, అన్నీ చెప్పాను. డాక్టరుగారు స్టెతస్కోపు మునసబుగారి పొట్టకి ఆనించి చాలాసేపు విన్నారు. "లోపల గురగురలాడుతూ ఉండాలి. ఏం వినపడట్లేదు. పేగు కదలడం ఆగిపోయింది" అన్నారు. "కుందేలుకి గడ్డే ఆహారమమ్మా. ఆ పీచే లోపలిదాన్ని ముందుకి తోస్తూ ఉంటుంది. మీరు పిండీ బెల్లం కూరితే అక్కడే బంకలా కూర్చుంది. కక్కుకోవడం కూడా దానికి చేతకాదు."

"ఇన్నేళ్ళూ ఇవే తిన్నాడండీ" అన్నారు నాన్న నీరసంగా.

"వయసులో ఉన్నప్పుడు ఏం తిన్నా అరిగిపోయిందండీ. ఇప్పుడు ముసలి ప్రాణం." ఆయన ఒక ఇంజక్షను చేసి, ఇంకేం చెయ్యాలో చెప్పారు. ఒళ్ళు వెచ్చగా ఉంచాలి, సూది లేని సిరంజితో కొంచెం కొంచెంగా నీళ్ళు తాగించాలి, పొట్ట మెత్తగా నిమరాలి, వసారాలో కాసేపు నడిపించాలి. ఎదురుగా ఎప్పుడూ గడ్డి ఉండాలి. "రేపు సాయంత్రానికల్లా పెంటికలు పడ్డాయా, గట్టెక్కినట్టు. పడకపోతే నేను చెప్పలేను." బుట్ట మూత పెడుతుంటే మళ్ళీ పిలిచారు. "అమ్మాయ్, మీ ఇంట్లో చుట్టాలున్నారా?" ఉన్నారండి అన్నాను. "అయితే కాపలా నువ్వే. ఒక్క మెతుకు పెట్టనిచ్చావంటే నా మందు దండగ."

దారంతా నేను ఆలోచించింది మునసబుగారి గురించి కాదు, పెద్దత్తయ్య గురించి. ఈ ఇంట్లో పెట్టేవాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపినవాళ్ళు ఇంతవరకూ లేరు. అల్లుళ్ళవల్లే కాలేదు. కానీ ఒళ్ళో బుట్ట చాలా తేలిగ్గా ఉంది. ఎప్పుడూ చెయ్యి వాసనకి మూతి ముందుకు చాపే మనిషి కళ్ళు కూడా తెరవలేదు.

అనుకున్నట్టే పెద్దత్తయ్య గుమ్మంలోనే ఎదురొచ్చింది, పళ్ళెంలో చలిమిడి ఉండతో. "వచ్చారా! పొద్దుట్నుంచీ ఖాళీ కడుపు, ఎంత నకనకలాడుతోందో. జరుగే మూగనోమూ, ఒక్క ముద్ద."

నేను బుట్ట వెనక్కి పెట్టుకుని అడ్డం నిలబడ్డాను. స్కూటరుమీద పాలకొల్లు నుంచీ ఒక మంచి ప్రసంగం తయారుచేసుకుంటూ వచ్చాను. అందులో జీర్ణవ్యవస్థ ఉంది, మానవుల అజ్ఞానం ఉంది, వినయపూర్వకమైన విన్నపం ఉంది. నోట్లోంచి మాత్రం, "వద్దత్తయ్యా" అని వచ్చింది.

అత్తయ్య వెనక్కి తిరిగి చూసింది. "ఎవరే మాట్లాడింది?"

"ఇదేనే!" అంది నాన్నమ్మ మంచంమీంచి లేచి కూర్చుంటూ. "దీనికి గొంతుందే!"

అత్తయ్య నవ్వబోయింది. కానీ నేను పక్కకి జరగలేదు. ఆ నవ్వు మెల్లిగా మాసిపోయింది. పళ్ళెం పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. "నా చేతిముద్ద వద్దంటావటే? ఈ ఇంట్లో పుట్టినదాన్నే నేను. నేను పెడితే విషమా?" అంది. కొంగు కళ్ళదాకా వెళ్ళింది. ఆవిడ అలా నిలబడితే నాకు ఏడుపొచ్చింది. ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే ఆవిడకి తెలిసింది ఒక్కటే, చేత్తో కలిపి పెట్టడం. అది వద్దంటే ఇంక ఆవిడేం చేస్తుంది?

"మీ చేత్తోనే పెట్టండత్తయ్యా" అన్నాను. "కాకపోతే గడ్డి పెట్టండి. అది తినకపోతే బతకరటండి."

"గడ్డా!" అంది నాన్నమ్మ. "ఇంట్లో పెద్దవాడికి, ఒంట్లో బాగోలేనప్పుడు, గడ్డా!"

"వినాయకుడికి గరిక పెడతాం కదా నాన్నమ్మా" అన్నాను. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలీదు. డైరీలో మాత్రం లేదు.

ముందు తేరుకున్నది పెద్దత్తయ్యే. "అవునే అమ్మా" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఆయన నిప్పులాంటి రాక్షసుణ్ణి మింగి కడుపులో మంటతో అల్లాడిపోతే ఏం చేసినా తగ్గలేదు కదా. గరిక పెడితేనే కదా చల్లారింది!" నాన్నమ్మ ఆలోచించింది. "అంతటి దేవుడు తినగా లేంది, మునసబు తింటే తప్పేంటిలే" అని అనుమతి ఇచ్చింది. పెద్దత్తయ్య పళ్ళెం అమ్మ చేతికిచ్చి, పట్టుచీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, గోడకున్న కొడవలి తీసుకుని కాలవగట్టుకి నడిచింది. ఆ మధ్యాహ్నం గట్టుమీద వెళ్ళేవాళ్ళు ఆగి ఆగి చూశారట.

గరిక వచ్చింది, ఒక మనిషి మోసేంత. నాన్నమ్మ దాన్ని మూడు నీళ్ళలో కడిగి, తుండుతో తుడిచి, ఇత్తడిపళ్ళెంలో సర్ది, పైన కుంకుమ చల్లబోతే నేను మళ్ళీ వద్దన్నాను (ఒకే రోజు రెండుసార్లు, ఇంట్లో అందరూ గమనించారు). నేను మునసబుగారిని పాతచీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని పొట్ట నిమిరాను, సిరంజితో నీళ్ళు పట్టాను. సగం నా ఓణీకి పోయాయి. గరిక మూతి దగ్గర పెడితే ఆయన మొహం తిప్పేసుకున్నారు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తిప్పారు. ఆ తిప్పుకోవడం చూసి నాన్న లేచి వీధిలోకి వెళ్ళిపోయారు.

పొద్దువాలుతుండగా పెద్దత్తయ్య నా పక్కన చతికిలబడి, ఒక లేతపరక తీసి, జీవితంలో ఎంతమంది చుట్టాలకి చెప్పిందో అదే గొంతుతో, "ఒక్కటి. నా మొహం చూసి ఒక్కటంటే ఒక్కటి తినండి. మీరు తినకపోతే నా మీద ఒట్టే" అంది. మునసబుగారు ఆవిడ వంక చూశారు. ముక్కు కదిలింది. పరక చివర పళ్ళ మధ్యకి వెళ్ళింది, మెల్లిగా, నూతిలోకి చేద దిగుతున్నట్టు, లోపలికి వెళ్ళిపోయింది. అత్తయ్య ఇంకో పరక తీసింది. "ఇంకొకటి" అంది గుసగుసగా. "ఇది మా తమ్ముడి పేరు చెప్పి." అలా ఇంట్లో అందరి పేర్లూ అయ్యాయి, పుట్టబోయే బిడ్డతో సహా. మా జిల్లావాళ్ళ బలవంతం వల్ల ఒకరి కడుపు బాగుపడటం నేను చూడటం అదే మొదటిసారి.

కానీ తెల్లవారాక గోనెసంచి శుభ్రంగానే ఉంది. ఆ పూట మా ఇంట్లో ఎవరికీ టిఫిను సరిగా దిగలేదు. సంగతి అక్క పుణ్యమా అని వీధిలో అందరికీ తెలుసు కాబట్టి, పాలావిడ గిన్నెలో పాలు పోస్తూ, "అయ్యిందాండీ?" అంది. పోస్టుమాను ఉత్తరమిస్తూ, "ఏమన్నా అయ్యిందాండీ?" అన్నాడు. నాన్న మిల్లు నుంచి ఎదురింటికి ఫోను చేశారు. పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి, "ఏమే అమ్మాయ్, మీ నాన్నగారు లైన్లో ఉన్నారు! పడిందా?" అని వీధికి అడ్డంగా కేక వేశారు. ఇంకా లేదండీ అని చెయ్యూపాను. నేను ఎన్నిసార్లు పొట్ట నిమిరానో. చివరికి పుస్తకం తీసి, ఆయన పక్కన గోడకానుకుని కూర్చున్నాను, ఒక్క వాక్యం కూడా బుర్రకెక్కలేదు. మధ్యాహ్నం భోజనాలవేళ ఆయన లేచి, ఒళ్ళు విరుచుకుని, నాలుగు అడుగులు వేసి, పళ్ళెం దగ్గరికి తనంతట తనే వెళ్ళారు. ఆయన కూర్చున్న చోట చూశాను. చిన్నవి, వంకరవి, మిరియాలు కూడా కావు, ఆవాల్లాంటివి.

"పడ్డాయి!" అని అరిచాను.

పిన్నిగారి గుమ్మందాకా వినపడింది. ఆవిడ నాన్నకి ఫోను కలిపేశారు. అమ్మ గరిటెతో వచ్చింది. నాన్నమ్మ వంగి, కళ్ళజోడు సవరించుకుని, గోనెసంచిని పరీక్షగా చూసి, "బంగారమే" అంది. అక్క నవ్వలేక పొట్ట పట్టుకుని గోడకి జారగిలబడితే అమ్మ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. పెద్దత్తయ్య నన్ను దగ్గరికి లాక్కుని, గరిక వాసన వేస్తున్న చేత్తో నా జుట్టు వెనక్కి తోసి, "ఉద్యాపన అయిపోయిందే నీ నోము" అంది. మిగిలిన చలిమిడంతా ఆ సాయంత్రం వీధిలో మళ్ళీ పంచారు. ఒక్క మునసబుగారికి తప్ప.

ఆయన ఆ తరవాత కూడా ఉన్నారు. అక్క కూతురు పుట్టి, బోర్లాపడి, పాకడం నేర్చుకునేదాకా ఉన్నారు. వసారాలో ఇద్దరూ ఒకటే వేగంతో తిరిగేవారు. ఒకరి పళ్ళెంలోది ఇంకొకరు తినకుండా చూడటమే కష్టంగా ఉండేది.

పెద్దత్తయ్య సామర్లకోట వెళ్ళిపోయాక గడ్డి కోసే పని నాకు పడింది. మొదటిరోజు పొద్దున్నే కాలవగట్టుమీద కూర్చుని, కొడవలి పట్టుకుని గడ్డితో కుస్తీ పడుతున్నాను. సైకిలుమీద ఒక పెద్దమనిషి వచ్చాడు. మామూలుగా అయితే ఆ సైకిలు గంట వినపడగానే నేను గట్టు అవతలికి దిగిపోయి ఉండేదాన్ని. "ఏమ్మా, గేదెని కొన్నారేంటి?" అన్నాడు.

"లేదండీ" అన్నాను తలెత్తి. "మా మునసబుగారికండి. పథ్యం."

ఆయన కాలు నేలమీద ఆనించి, గడ్డివంక చూశాడు, నావంక చూశాడు, మా ఇంటివంక చూశాడు. "ఆయ్" అని మాత్రం అని, ఇంకేమీ అడగకుండా తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

చెవులు ఎర్రబడుతున్నా ఆ రోజు గట్టుమీద తల దించకుండా జవాబు చెప్పిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తూ ఉంటుంది. ఎదురైతే బాగుండును, రెండు మాటలు మాట్లాడొచ్చు. పాపం, కొడవలి తిరగేసి పట్టుకుందని కూడా ఎవరూ చెప్పలేదు దానికి.